ఎస్‌సీఎన్1ఏ జన్యువులో వీయూఎస్ (జబ్బు తెస్తుందో లేదో తేలని మార్పు) వచ్చింది, ఫిట్స్ మందు కార్బమాజెపిన్ ఆపాలా?

ప్రశ్న (పీడియాట్రిక్స్ పీజీ): పాపకు 8 నెలలు, బరువు 8 కిలోలు. ఆరో నెలలో జ్వరంతో కుడి పక్కన 25 నిమిషాల ఫిట్స్. తర్వాత వేడినీళ్ల స్నానంలో ఎడమ పక్కన. ఎంఆర్‌ఐ, ఈఈజీ నార్మల్. బయట కార్బమాజెపిన్ మొదలుపెట్టాక ఫిట్స్ పెరిగాయి. ఎక్సోమ్‌లో (జన్యువులన్నీ చదివే పరీక్ష) ఎస్‌సీఎన్1ఏ మిస్‌సెన్స్ మార్పు (ప్రోటీన్‌లో ఒక అమైనో ఆమ్లం మారడం), ‘వీయూఎస్’ అన్నారు. మేనరికం వల్లా, టీకా వల్లా అని ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు.

జవాబు (పిల్లల న్యూరాలజీ): వీయూఎస్ తేలేదాకా ఆగక్కర్లేదండి. జ్వరం, వేడినీళ్లు, పక్కలు మారే దీర్ఘ ఫిట్స్: ఇది డ్రావే (పసితనంలో మొదలయ్యే తీవ్రమైన జన్యు మూర్ఛ) చిత్రమే. ఎస్‌సీఎన్1ఏ తయారుచేసే సోడియం ఛానల్ ఎక్కువగా పనిచేసేది మెదడుకు బ్రేకు వేసే గాబా కణాల్లో. అక్కడ ఛానళ్లు ముందే సగం తక్కువ. కార్బమాజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, ఫెనిటోయిన్, లామోట్రిజిన్ మిగిలిన సగాన్నీ మూసేస్తాయి. క్లోబజామ్ అనే మరో ఫిట్స్ మందు అండతో కార్బమాజెపిన్ తగ్గిస్తూ ఆపండి. వాల్‌ప్రోయేట్ ఇచ్చేముందు అదే ఎక్సోమ్ డేటాలో పీఓఎల్‌జీ జన్యువులో మార్పు ఉందేమో చూడమనండి. ఆ మార్పు ఉంటే రెండేళ్లలోపు వాల్‌ప్రోయేట్‌తో కాలేయం దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. తర్వాత స్టిరిపెంటాల్ (డ్రావేకి వాడే ఇంకో మందు) కలిపితే పాప మత్తుగా పడి ఉండొచ్చు. అప్పుడు తగ్గించాల్సింది ముందు క్లోబజామ్‌ని: అది ఒంట్లో మారి ఏర్పడే నార్‌క్లోబజామ్‌ను స్టిరిపెంటాల్ రక్తంలో పేరుకునేలా చేస్తుంది.

జవాబు (మెడికల్ జెనెటిక్స్): తల్లిదండ్రులిద్దరి రక్తంలో ఆ ఒక్క మార్పుకే సాంగర్ (జన్యువులో ఆ ఒక్కచోటే చదివే పరీక్ష) చేయించండి. ఇద్దరిలోనూ లేకపోతే కొత్తగా పుట్టిన మార్పు, వీయూఎస్ ‘జబ్బు తెచ్చేదే’ అనే వైపు ఓ మెట్టు ఎక్కుతుంది. డ్రావేలో పదింట తొమ్మిది అలాంటివే, కాబట్టి మేనరికాన్ని తిట్టక్కర్లేదు. ఒక్క మెలిక: అమ్మ లేదా నాన్న బీజకణాల్లో మొజాయిక్‌గా (కొన్ని కణాల్లోనే) ఉంటే రక్తంలో దొరకదు, తర్వాతి కాన్పుకు ముప్పు సున్నా కాదు. మార్పు రుజువైతే తర్వాతి గర్భంలో 11–13 వారాల్లో సీవీఎస్ (మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయవచ్చు. ఎక్సోమ్‌లో ఏమీ దొరకని డ్రావే పిల్లలకైతే ఎంఎల్‌పీఏ అనే పరీక్ష అడగాలి, డిలీషన్లు (జన్యువులో ముక్కలు ఊడిపోవడం) ఎక్సోమ్‌కు జారిపోతుంటాయి. టీకా తర్వాతి జ్వరం జబ్బును ముందుగా బయటపెడుతుందేగానీ పుట్టించదు. టీకా మానేస్తే తట్టు జ్వరం ఇంకా ప్రమాదం.

జవాబు (ఎపిలెప్సీ నర్సు): ఇంటికి పంపేముందు ఫిట్స్ ఆపేందుకు ముక్కులో కొట్టే మిడజోలామ్ నేర్పండి. కిలోకు 0.2 మి.గ్రా., ఈ పాపకు సుమారు 1.6 మి.గ్రా. పఫ్‌కు 0.5 మి.గ్రా. వచ్చే సీసా అయితే మూడు పఫ్‌లు, రెండు ముక్కుల్లోకి పంచి. సీసాను బట్టి పఫ్ మోతాదు మారుతుంది, లేబుల్ చదివించండి. ఫిట్స్ 5 నిమిషాలు దాటితే కొట్టాలి. కాగితం మీద ‘ఫెనిటోయిన్ వద్దు’ అని పెద్ద అక్షరాలతో రాసివ్వండి, క్యాజువాలిటీలో చేయి మొదట దానిమీదికే పోతుంది.

న్యూరాలజీ: ఆ కాగితం ఈ పాపకే. ఎస్‌సీఎన్2ఏ అనే మరో సోడియం ఛానల్ జన్యువులో మార్పుతో మూడు నెలలలోపు ఫిట్స్ మొదలైన పిల్లలకు అదే ఫెనిటోయిన్ తరచూ బాగా పనిచేస్తుంది, అక్కడ ఛానల్ అతిగా తెరుచుకుంటుంది.