జేఎఫ్‌కే సినిమా: కోర్టు వదిలేసిన మనిషిని తెర మీద దోషిని చేయొచ్చా?

పాతరీలు:
అమెరికా అధ్యక్షుడు కెనెడీ 1963 హత్య మీద ఆలివర్ స్టోన్ 1991లో తీసిన జేఎఫ్‌కే నిన్న రాత్రి మళ్లీ చూశాను. మూడు గంటల పైన సినిమా, కదలనివ్వలేదు. కానీ క్లే షా సంగతే మింగుడుపడటం లేదు. ఆయన న్యూ ఆర్లీన్స్ వ్యాపారి. కెనెడీ హత్య కుట్ర కేసులో బోనెక్కింది ఆయనొక్కడే. 1969లో జ్యూరీ గంట కూడా తీసుకోకుండా నిర్దోషి అని తేల్చింది. 1974లో పోయాడు. సినిమాలో మాత్రం కుట్రదారుడే. పరువునష్టం దావా వేద్దామన్నా మనిషి లేడు. ఇది సబబేనా?

కృష్ణలంక కుర్రాడు:
అన్నా, అది డాక్యుమెంటరీ కాదు కదా! ఆ సినిమా లేపిన గొడవ వల్లే 1992లో అమెరికా కాంగ్రెస్ హత్య ఫైళ్లు బయటపెట్టాలని రికార్డుల చట్టం చేసింది, లక్షల పేజీలు బయటికొచ్చాయి. ఆస్వాల్డ్ ఒక్కడే మూడు తూటాలు కాల్చాడని ప్రభుత్వ విచారణ సంఘం వారెన్ కమిషన్ చెప్పిందే వేదమని ఊరుకుంటే వచ్చేవా? 1979లో ప్రతినిధుల సభ కమిటీయే కుట్ర జరిగి ఉండొచ్చంది.

పాతరీలు:
ఆ మాటకు ముఖ్య ఆధారం పోలీసు రేడియో టేపులో వినిపించిందన్న నాలుగో తూటా చప్పుడు, తమ్ముడూ. అది కాల్పులైన దాదాపు నిమిషానికి రికార్డయిందని 1982లో నేషనల్ అకాడమీ సైంటిస్టులు తేల్చారు. ఈ ముక్క కూడా చెప్పాలి కదా.

ఎడిటింగ్ టేబుల్:
చట్టం సంగతి ఒప్పుకుంటాను. నా గొడవ వేరే. హత్య జరుగుతుండగా అక్కడే ఉన్న జప్రూడర్ అనే ఆయన తీసిన 26 సెకన్ల అసలు ఫిల్ము పక్కనే వీళ్లు కొత్తగా తీసిన బ్లాక్ అండ్ వైట్ ముక్కలు అతికించారు. ఏది 1963దో ఏది 1991దో, ఈ పనిలో ఉన్న నాకే రెండోసారి చూస్తే గానీ తెలియలేదు. దానికి ఎడిటింగ్ ఆస్కార్ వచ్చింది, రావాల్సిందే! ఇక 'మ్యాజిక్ బుల్లెట్' సీను, అంటే ఒకే తూటా కెనెడీకీ, కారులో ఆయన ముందు కూర్చున్న గవర్నర్ కానలీకీ తగిలిందన్న మాటను ఎగతాళి చేసేది. కోర్టులో గవర్నర్ కానలీని కెనెడీకి సరిగ్గా ఎదర, అదే ఎత్తులో కూర్చోబెడతారు. అసలు కారులో కానలీ సీటు కాస్త కిందికి, లోపలికి ఉంది. అలా కూర్చోబెట్టి చూడండి, తూటా గాల్లో మెలికలు తిరగక్కర్లేదు.

కృష్ణలంక కుర్రాడు:
కథ నడవాలంటే కొంత కల్పన తప్పదండీ. జైల్లో ఉండే విల్లీ ఓకీఫ్ పాత్ర కూడా కల్పితమేగా, ఎవరికి నష్టం?

ఎడిటింగ్ టేబుల్:
ఆ ఓకీఫ్ ఎవరి మీద సాక్ష్యం చెప్పాడు? క్లే షా మీద! లేని సాక్షిని పుట్టించి, ఉన్న మనిషి మీద వేలు చూపించారు. పేర్లు మార్చేస్తే పోయేది. గ్రీసులో 1963లో జరిగిన ఎంపీ లాంబ్రాకిస్ హత్య మీద కోస్టా గావ్రాస్ 'జెడ్' తీశాడు. అందులో దేశం పేరే చెప్పడు. మన సినిమాల మొదట్లో 'కేవలం కల్పితం' అని కార్డు వేస్తారే, అతను దానికి తలకిందులుగా, పోలికలు కావాలనే పెట్టామని వేశాడు. అది దమ్ము.

పాతరీలు:
ఇంకో వింత. సినిమాలో హీరో పాత్ర ఎవరిదో, క్లే షా మీద కేసు నడిపిన ఆ అసలు ప్రాసిక్యూటరు గారిసనే ఇందులో చిన్న వేషం వేశాడు. ఎవరి వేషమనుకున్నారు? తాను జీవితమంతా తిట్టిపోసిన కమిషన్ పెద్ద, జడ్జి వారెన్‌ది.

కృష్ణలంక కుర్రాడు:
హహ, అది నేను గమనించనేలేదు. 'జెడ్' చూడలేదు, ఆదివారం చూసి వచ్చి రాస్తాను. క్లే షా విషయంలో మీతో కొంచెం ఏకీభవిస్తున్నా. చట్టం మాట మాత్రం వదలను.