వీరాపురం కొంగలకు తక్కువ ఖర్చుతో ఎట్లా పోవాల?

మాది అనంతపురం. నేనూ, పదేళ్ల పాపా. ఇద్దరికీ తిండితో కలిపి వెయ్యి దాటకూడదు. సైబీరియా కొంగలు ఎప్పుడుంటాయి? గైడు తప్పనిసరా?

— అన్నా, జనరల్ టికెట్‌తో హిందూపురం దాకా రైలు, ఆడినుంచి చిలమత్తూరు పక్కకు బస్సు. పోయిన మార్చిలో నేను పోతే గూళ్లల్లో పిల్లలు ఒకటే అరుపు. చింతచెట్లు ఊర్లోనే ఉన్నాయి, తల పైకెత్తితే చాలు. నాకు ఊరి పెద్దాయనే గైడు. డబ్బిస్తే తీసుకోలేదు, టీ తాగినాడు. చెట్ల కింద మాత్రం టోపీ పెట్టుకో, నా చొక్కా పాడైంది!

— సైబీరియావి కావు బ్రదర్. ఎర్రకాళ్ల కొంగలు, మన దేశంలోవే.

— అట్లనా! పాపకు సైబీరియా అనే చెప్పినాను. చొక్కా సంగతికి థ్యాంక్స్ తమ్ముడూ.