అప్‌డేట్: ఇంగ్లండ్‌లో ఖాళీ ఇంటి కౌన్సిల్ టాక్స్ ఎవరు కట్టాలి?

అప్పటి నా ప్రశ్న: నా ఇంటి పన్నెండు నెలల అద్దె అగ్రిమెంట్ అక్టోబర్ 31 వరకు ఉండగా, అద్దెకున్నవాళ్లు 8న సామాను సర్దుకుని వెళ్లిపోయారు. కౌన్సిల్ (స్థానిక సంస్థ) 9 నుంచి ఇంటి పన్ను బిల్లు ఓనర్‌నైన నా పేరున వేసింది. ఇది సరైనదేనా?

సరికాదు. బిల్లు సవరించారు. 1992 లోకల్ గవర్నమెంట్ ఫైనాన్స్ చట్టం సెక్షన్ 6 ప్రకారం ఇంట్లో ఎవరూ ఉండనప్పుడు పన్ను "ఓనర్"ది. కానీ ఆరు నెలలు లేదా అంతకుమించిన లీజు ఉన్నవాళ్లే ఇక్కడ ఆ ఓనర్. తాళాలు ఇచ్చినంత మాత్రాన బాధ్యత పోదు. అయితే ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు ముందే సరెండర్‌కు, అంటే గడువుకు ముందే లీజు ముగించడానికి, ఒప్పుకుంటే లీజు ఆ రోజే ముగుస్తుంది, అలా ఒప్పుకుంటూ ఈమెయిల్ రాసేముందు ఆలోచించుకోండి.

ఏడాదికి 2,190 పౌండ్ల బిల్లంటే రోజుకు 6. అక్టోబర్ 9–31, 23 రోజులు, 138 పౌండ్లు వాళ్ల ఖాతాకు వెళ్లాయి. కొత్తవాళ్లు నవంబర్ 14న దిగారు కాబట్టి 13 రోజులకు 78 నాది. పంపినవి: సంతకాలున్న అగ్రిమెంట్, చెకౌట్ రిపోర్ట్, కొత్త అగ్రిమెంట్ మొదటి పేజీ. ఫోన్‌లో చెబితే పని జరగదు, రాతపూర్వకంగానే అడగాలి. రెండు నెలల్లో జవాబు రాకపోతే వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కు (ఇలాంటి పన్ను వివాదాలు తేల్చే సంస్థ) వెళ్లొచ్చు.

ఖాళీ ఇంటికి డిస్కౌంట్ 2013 నుంచి కౌన్సిల్ ఇష్టం, చాలాచోట్ల సున్నా. ఉన్నచోట కూడా డిస్కౌంట్ గడువు ఇంటికే లెక్క, ఓనర్ మారితే మళ్లీ మొదలవదు. మధ్యలో ఎవరైనా ఆరు వారాల్లోపు ఉండి వెళ్లినా అంతే. ఫర్నిచర్ లేకుండా ఏడాది దాటితే, 2024 ఏప్రిల్ నుంచి పన్ను రెట్టింపు చేసే అధికారం కూడా కౌన్సిల్‌కు ఉంది.