పండగ బందోబస్తుకి పార్ట్‌టైమ్ పోలీసు రిజర్వు పెడితే ఎట్లుంటుంది? సీమ జిల్లాల వాళ్ళు చెప్పండి

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు):

వినాయక నిమజ్జనం రోజు, దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవం రోజు మా జిల్లాలో స్టేషన్లు దాదాపు ఖాళీ అయిపోతాయి, ఉన్న సిబ్బంది అంతా బందోబస్తులోనే ఉంటారు. పోయిన నిమజ్జనం రాత్రి మా వీధిలో ఒకరింట్లో దొంగతనం జరిగితే మరుసటి రోజు సాయంత్రానికి గానీ ఎవరూ రాలేకపోయారు. వచ్చిన కానిస్టేబుల్ రాత్రంతా నిలబడే ఉన్నాడని మొహం చూస్తేనే తెలిసింది, ఆయన్ని ఏమనగలం?

నా ఆలోచన ఇది. ఎన్‌సీసీ చేసిన పిల్లలు, మాజీ సైనికులు, టీచర్లు, అంగళ్ళ వాళ్ళు, ఇట్లా నెలకు రెండు మూడు రోజులు ఇవ్వగలిగిన వాళ్ళకు కొంచెం శిక్షణ ఇచ్చి రిజర్వుగా పెట్టుకోవచ్చు కదా. జనాన్ని వరుసలో పంపడం, ట్రాఫిక్ మళ్ళించడం, తప్పిపోయిన పిల్లల్ని అప్పజెప్పడం లాంటి పనులు వాళ్ళు చూసుకుంటే అసలు పోలీసులు కేసులు చూసుకుంటారు. చట్టం ఒప్పుకుంటుందా? దీన్ని దుర్వినియోగం చేసే అవకాశం ఎంత? పోలీసు శాఖలో పనిచేసినవాళ్ళు దయచేసి రాయండి.

రిటైర్డ్_హెచ్‌సీ (అనంతపురం):

బాబూ, నువ్వు చెప్పేది కొత్తది కాదు. హోంగార్డు వ్యవస్థ పుట్టిందే దీనికోసం. 1946 డిసెంబరులో బొంబాయిలో అల్లర్లప్పుడు పోలీసులకు తోడుగా మొదలుపెట్టారు, 1962లో చైనా యుద్ధం తర్వాత దేశమంతా ఒకే పద్ధతిలోకి తెచ్చారు. మన వైపు 1948 నాటి చట్టం ఉంది. ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ పిలిచినప్పుడు వచ్చి డ్యూటీ చేసి పోవాలి, ఆ రోజుకి భత్యం తీసుకోవాలి, అదీ లెక్క.

జరిగింది వేరే. కానిస్టేబుల్ పోస్టులు నింపకుండా ఆ ఖాళీల్లో హోంగార్డుల్ని నిలబెట్టారు. ట్రాఫిక్ పాయింట్లో వాళ్ళే, జీపు డ్రైవరు వాళ్ళే, కంప్యూటర్ ముందు వాళ్ళే, వేరే శాఖలకు అటాచ్ చేసేదీ వాళ్ళనే. ఏడాది పొడవునా పని చేస్తారు, కాగితం మీద మాత్రం స్వచ్ఛంద సేవకులు. నా సర్వీసులో నాతో పాటు రాత్రి బీటు తిరిగిన హోంగార్డులు ఎందరో ఉన్నారు, పనిలో నాకూ వాళ్ళకూ తేడా ఏమీ కనపడలేదు, జీతంలో కనపడింది. ఇప్పుడు ఇంకో రిజర్వు పెడితే పదేళ్ళకు వాళ్ళ గతీ ఇంతే అవుతుందని నా భయం. ముందు ఖాళీలు నింపమని అడగండి.

గడప_కడప (కడప):

మా ఆయన హోంగార్డు. ఒంటిమిట్ట కల్యాణమైనా, పెద్ద దర్గా ఉరుసైనా, ఎన్నికలైనా ఇంట్లో ఉండడు. 2019లో రోజు భత్యం 600 నుంచి 710 చేశారు, అప్పుడు సంతోషపడ్డాం. పక్కన తెలంగాణలో 921 నుంచి 1000 చేశారు. కానిస్టేబుల్‌కి వచ్చే కనీస జీతంతో సమానంగా హోంగార్డుల భత్యం ఉండాలని సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది, పర్మనెంట్ చేయమని మాత్రం అనలేదు. డ్యూటీ ఎక్కితేనే డబ్బు. జ్వరమొచ్చి పడుకుంటే ఆ రోజు పోయినట్టే.

అన్నా, మీ ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ ఉచితంగా వచ్చే వాళ్ళు దొరికితే మా వాళ్ళకు డ్యూటీ రోజులు తగ్గిస్తారేమో అని నాకు టెన్షన్. వాళ్ళు వచ్చినందుకు హోంగార్డు డ్యూటీ ఒక్కటి కూడా తగ్గించకూడదని ముందే రాతలో పెట్టించండి, అప్పుడు నేనూ మద్దతిస్తాను.

నల్లకోటు (కర్నూలు):

చట్టం సంగతి నేను చెప్తాను. 1861 నాటి పోలీసు చట్టంలోనే గొడవలు జరిగే చోట స్థానికుల్ని ప్రత్యేక పోలీసులుగా నియమించుకోవచ్చని ఉంది, రానన్నవాళ్ళకు 50 రూపాయల దాకా జరిమానా కూడా రాశారు. కాబట్టి అడ్డంకి చట్టం కాదు. అధికారం ఎంత ఇస్తాం, దానికి జవాబుదారీ ఎవరు అన్నదే అసలు విషయం.

ఛత్తీస్‌గఢ్‌లో గిరిజన యువకులకు తుపాకులిచ్చి మావోయిస్టుల మీదికి ఎస్పీఓలుగా, అంటే ప్రత్యేక పోలీసులుగా పెడితే 2011లో సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. తమిళనాడులో 1993లో రామనాథపురంలో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్ అనే వాలంటీర్ల పద్ధతి చాలాకాలం నడిచింది, చివరికి 2020లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకుల కస్టడీ మరణాల తర్వాత ఆ వాలంటీర్ల మీదా ఆరోపణలు వచ్చి ప్రభుత్వం ఆపేసింది. కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రి డాక్టర్ హత్యాచారం కేసులో 2025 జనవరిలో శిక్షపడిన వ్యక్తి సివిక్ వాలంటీర్, అంటే పోలీసులకు సాయంగా తీసుకున్నవాడే. వాళ్ళను ఎట్లా ఎంపిక చేస్తున్నారో చెప్పమని సుప్రీంకోర్టు అక్కడి ప్రభుత్వాన్ని అంతకుముందే అడిగింది.

అందుకే రిజర్వు వాళ్ళకు లాఠీ వద్దు, స్టేషన్ లోపల డ్యూటీ అసలే వద్దు, ఎవర్నీ పట్టుకునే, ప్రశ్నించే పని వద్దు. రోడ్డు మీద, నలుగురూ చూసే చోట మాత్రమే ఉండాలి.

బర్మింగ్‌హామ్_ప్రొద్దుటూరు:

ఇక్కడ ఇంగ్లండ్‌లో స్పెషల్ కానిస్టేబుళ్ళు అని ఉంటారు, 1831 చట్టం నుంచీ వస్తున్న పద్ధతి. జీతం లేదు, ఖర్చులు ఇస్తారు, మామూలుగా నెలకు కనీసం 16 గంటలు చేయాలి. అరెస్టు చేసే అధికారం కూడా రెగ్యులర్ పోలీసుతో సమానం. కానీ నల్లకోటు గారు చెప్పినట్టు అది మన దగ్గర వద్దు. ఇక్కడ ఎంపికలో నేర చరిత్ర, స్నేహాలు, అప్పులు అన్నీ చూస్తారు, శిక్షణ నెలల తరబడి ఉంటుంది, తప్పు చేస్తే రెగ్యులర్ పోలీసు లాగే విచారణ ఎదుర్కోవాలి. ఆ భాగం లేకుండా యూనిఫాం ఒక్కటే తెచ్చుకుంటే కొంప మునుగుతుంది.

ఆలూరు_రైతు:

దేవరగట్టు పేరు ఎత్తారు కాబట్టి చెప్తున్నా. అక్కడ ఉత్సవమూర్తుల కోసం కర్రలతో తలపడేది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే, నెరణికి, కొత్తపేట వాళ్ళు ఒక పక్క, మిగతా ఊళ్ళు ఇంకో పక్క. ఏటా తలలు పగులుతాయి. మా మండలాల పిల్లల్నే రిజర్వులో పెడితే వాళ్ళు ఏదో ఒక పక్క మనిషే అవుతారు, జాకెట్ వేసుకున్నంత మాత్రాన ఊరు మారదు. ఫ్యాక్షన్ చూసిన సీమలో ఇది చిన్న మాట కాదు. ఎమ్మెల్యే లెటర్ తెచ్చినవాడికి పోస్టు ఇస్తే ఎదుటి పార్టీ వాడు వాడి మాట ఎందుకు వింటాడు? గ్రామ వాలంటీర్ల మీద పార్టీ ముద్ర పడి 2024 ఎన్నికల పనుల నుంచి దూరంగా పెట్టాల్సి వచ్చింది, అది మరిచిపోవద్దు. సొంత మండలంలో డ్యూటీ వేయకూడదు, ఎన్నికలప్పుడు పిలవకూడదు. ఈ రెండూ లేకుండా నేను ఒప్పుకోను.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు):

అందరికీ ధన్యవాదాలు. దేవరగట్టుని ఇందులోంచి తీసేస్తున్నా, అక్కడ శిక్షణ ఉన్న పోలీసులే ఉండాలి. కర్నూలు నిమజ్జనం ఒక్కదానికే, ఘాట్ దగ్గర, కేసీ కెనాల్ వెంబడి జనాన్ని నడిపించడానికి మాత్రమే అడుగుదాం. లాఠీ లేదు, స్టేషన్ పని లేదు, ఎంపికలో సిఫార్సు లేదు, వచ్చిన రోజుకి హోంగార్డుతో సమానంగా భత్యం. గడప_కడప అక్కా, మీరు చెప్పిన హోంగార్డు డ్యూటీల షరతు అర్జీలో మొదటి పేరాలోనే పెడతాను, ఖాళీలు నింపమన్న మాట దాని కిందే. నల్లకోటు గారూ, సోమవారం ఎస్పీ ఆఫీసులో అర్జీలు తీసుకునేటప్పుడు ఇద్దాం, అంతకుముందు మీరొకసారి చూసి దిద్దితే బాగుంటుంది. రాసింది రేపు ఇక్కడే పెడతాను, ఘాట్ దగ్గర డ్యూటీ చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఎక్కడ ఎంతమంది అవసరమో చెప్పండి.