కారు విశాఖలో పోయింది, నేను డబ్లిన్‌లో ఉన్నాను. ముందు ఏం చేయాలి?

డబ్లిన్ నుంచి (ప్రశ్న):
అందరికీ నమస్కారం. ఇక్కడికి వచ్చి మూడు నెలలైంది. మా కారు ఎంవీపీ కాలనీలో అమ్మానాన్నల ఫ్లాటు కింద ఉంటుంది. పొద్దున్న నాన్న కిందికి దిగి చూస్తే లేదు. ఆర్‌సీ నా పేరు మీద ఉంది. లోను ఇంకా 14 వాయిదాలు ఉంది. రెండో తాళం చెవి నా బ్యాగులో ఇక్కడికి వచ్చేసింది. నేను టికెట్ కొనుక్కుని రావాలా, నాన్న ఒక్కరే చూసుకోగలరా?

మస్కట్ నుంచి:
రానక్కర్లేదు బాబూ. ముందు రెండు ఫోన్లు చేయించు. ఒకటి ట్రాఫిక్ పోలీసులకి, బండిని టో చేశారేమో కనుక్కోవడానికి. రెండోది లోను ఇచ్చిన బ్యాంకుకి. వాయిదా తప్పిన బండిని వాళ్ల మనుషులే తీసుకెళ్లిన సందర్భాలు ఉంటాయి. రెండుచోట్లా కాదంటే వెంటనే 112కి ఫోన్ చేసి, నాన్నగారు ఈ రోజే స్టేషన్‌కి వెళ్లాలి. రేపటికి వాయిదా వేయొద్దు.

వెళ్లేలోపు నువ్వు ఫాస్టాగ్ ఖాతా తెరిచి చూడు. ఎన్‌హెచ్‌ 16 మీద ఇటు వేంపాడు, అటు నాతవలస టోల్‌గేట్లలో డబ్బు కట్ అయి ఉంటే ఆ మెసేజ్‌లో టైము, గేటు పేరు ఉంటాయి. స్క్రీన్‌షాట్ తీసి ఎస్ఐ గారికి చూపించాలి. ట్యాగ్ బ్లాక్ చేయడం ఆ తర్వాతే. చాలామంది కంగారులో ముందే బ్లాక్ చేసి, బండి ఎటు పోతుందో తెలిసే ఒక్క దారినీ మూసేసుకుంటారు. కారులో కంపెనీ యాప్ ఉంటే లొకేషన్ కూడా అలాగే.

అపార్ట్‌మెంటు సీసీ కెమెరా ఫుటేజి మీద కొత్తది ఎక్కిపోతుంది. ఎదురింటివాళ్లది, మలుపులో షాపువాళ్లది కూడా ఈ రోజే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమనండి.

షార్జా నుంచి:
ఓనరు సంతకం లేకుండా ఎఫ్ఐఆర్ కట్టరండి. ఆర్‌సీ అబ్బాయి పేరు మీద ఉంది కాబట్టి అక్కడినుంచే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టేస్తే సరిపోతుంది.

డల్లాస్ నుంచి:
ఇందులో రెండూ సరి కాదండి. నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చు, ఓనరే ఇవ్వాలని చట్టంలో లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (పోలీసులు, కోర్టులు క్రిమినల్ కేసులు నడపాల్సిన తీరు చెప్పే చట్టం) 173వ సెక్షన్ చదవండి. ఆన్‌లైన్‌లో పంపినా, పంపిన మనిషి మూడు రోజుల్లో సంతకం పెట్టాలి. డబ్లిన్‌లో ఉన్నవాడు ఎలా పెడతాడు? నాన్నగారు స్వయంగా వెళ్లి ఇవ్వడమే మేలు. "ఇది మా ఏరియా కాదు" అని తిప్పి పంపకూడదు, ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే అదే ఫిర్యాదును పోలీస్ కమిషనర్‌కి రిజిస్టర్డ్ పోస్టులో పంపించి, ఆ రసీదు దాచుకోండి.

షార్జా నుంచి:
చట్టం మీరు చెప్పినట్టే ఉండొచ్చు. కౌంటర్ దగ్గర మాత్రం "మీ పేరు మీద లేదుగా" అని అడుగుతారు, పెద్దాయన ఇబ్బంది పడతారు. ఆర్‌సీ కాపీ, పాలసీ కాపీ, "నా తరఫున మా నాన్నగారు ఫిర్యాదు ఇస్తున్నారు" అని సంతకం చేసిన ఉత్తరం, పాస్‌పోర్ట్ మొదటి పేజీ వాట్సాప్‌లో పంపండి. ప్రింటు తీసుకుని వెళ్తారు.

డల్లాస్ నుంచి:
అది మంచి మాటే, ఒప్పుకుంటాను.

సీతమ్మధార నుంచి:
ఎఫ్ఐఆర్ కాపీ చేతికి రాగానే అక్కడే నిలబడి చదవమని చెప్పండి. బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీ పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చాలి. చివరిసారి ఎన్ని గంటలకు చూశారు, లేదని ఎప్పుడు గమనించారు, తాళం వేసి ఉందా అన్నవి స్పష్టంగా ఉండాలి. ఒక్క అంకె తప్పుగా పడితే తర్వాత క్లెయిమ్ అక్కడే ఆగుతుంది.

అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి, మెయిల్ కూడా పెట్టండి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే దొంగతనానికి పైసా రాదు. ఆలస్యం అయితే అంతా పోయినట్టు కాదు. ఎఫ్ఐఆర్ వెంటనే ఇచ్చినప్పుడు, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అయినా ఆ వాదన దాకా వెళ్లే అవసరం తెచ్చుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి, తాళాలు. కంపెనీ రెండూ అడుగుతుంది. రెండోది చూపించకపోతే కారులోనే వదిలేశారని, జాగ్రత్త తీసుకోలేదని రాస్తారు. నీ దగ్గరున్న తాళాన్ని ట్రాకింగ్ ఉన్న కొరియర్‌లో పంపు. పంపేముందు తాళం, దాని నంబరు కనిపించేలా ఫొటో తీసుకో, బిల్లు దాచుకో. ఎప్పుడైనా డూప్లికేట్ చేయించి ఉంటే ఆ బిల్లు కూడా కావాలి. కంపెనీ పంపే ఇన్వెస్టిగేటర్ వాంగ్మూలం రాసుకుంటాడు. నాన్నగారు చదివి, కాపీ తీసుకున్నాకే సంతకం చేయాలి.

డబ్బు లెక్క: పాలసీలో రాసిన ఐడీవీయే (బండికి కట్టిన విలువ) లెక్క, ఏడాది మధ్యలో ఇంకా తరుగుదల తీయకూడదు. మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపు బండికి ఐడీవీ కట్టేటప్పుడు 40 శాతం తీస్తారు. తయారీదారు అమ్మకపు ధర 9 లక్షలైతే 5.4 లక్షలు. అందులో ముందు బ్యాంకు బాకీ పోతుంది, మిగిలింది నీకు. కాబట్టి వాయిదాలు ఆపకు. బండి లేదు కదా అని ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది.

మెల్‌బోర్న్ నుంచి:
కారు దొరికితే ఏంటో ఎవరూ చెప్పలేదు. దొరికిన బండి స్టేషన్ ఆవరణలో ఎండకీ వానకీ పాడైపోతుంది. సముద్రం గాలి వేరే చెప్పాలా? వెంటనే మేజిస్ట్రేట్ కోర్టులో మధ్యంతర కస్టడీకి, అంటే కేసు తేలేదాకా బండి మనకి అప్పగించమని, అర్జీ పెట్టాలి. ఫొటోలు, పంచనామా, బాండు తీసుకుని బండి తిరిగి ఇచ్చేయాలని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. దీనికి నాన్నగారి పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. డబ్లిన్‌లో మన ఎంబసీలో అటెస్ట్ చేయించి పంపు, అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. క్లెయిమ్ డబ్బు వచ్చేశాక దొరికితే మాత్రం బండి కంపెనీదే.

మస్కట్ నుంచి:
90 రోజులు ఆగితే డబ్బు వచ్చేస్తుంది, అంత దూరం వెళ్లక్కర్లేదు.

సీతమ్మధార నుంచి:
90 రోజులకి దానంతట అది రాదండీ. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకి 90 రోజుల్లో చెప్పాలన్నది పోలీసుల మీద ఉన్న బాధ్యత. కంపెనీకి కావలసింది బండి దొరకలేదన్న తుది నివేదిక, కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీ. రెండో నెల నుంచే స్టేషన్‌లో నెమ్మదిగా గుర్తుచేస్తూ ఉండాలి.

ఈలోగా మాధవధార ఆర్టీఏ ఆఫీసులో ఎఫ్ఐఆర్ కాపీ జతచేసి, ఈ బండి ఎవరి పేరుకీ మార్చొద్దని అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదు కంపెనీ కూడా అడుగుతుంది. బండిని కంపెనీ పేరుకి మార్చడానికి సంతకం చేసిన 28, 29, 30 ఫారాలు, లోను ఉంది కాబట్టి బాకీ తీరిందని బ్యాంకు ఇచ్చే 35వ ఫారం కూడా చివర్లో కావాల్సి వస్తాయి.

కంపెనీ కాదంటే ముందు వాళ్ల ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలరోజుల్లో తేలకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (కంపెనీల మీద పాలసీదారుల ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు.

డబ్లిన్ నుంచి:
చాలా థాంక్స్ అండి. నాన్న స్టేషన్‌లో ఉన్నారు, ఎఫ్ఐఆర్‌లో ఛాసిస్ నంబరులో 8 బదులు బి పడింది, దిద్దిస్తున్నారు. ఫాస్టాగ్‌లో ఇంకా ఏమీ రాలేదు, బ్లాక్ చేయలేదు. తాళం ఫొటో తీశాను, కొరియర్ ఆఫీసుకి బయల్దేరుతున్నాను.