దంతపు బంతిలో బంతి: ఆస్థాన కళా, ఓడరేవు సరుకా?

కొయ్యఉలి: చైనా చింగ్ వంశపు చక్రవర్తుల ఏనుగు దంతపు పని అనగానే అందరూ ఒకే ముక్కలో పొరలు పొరలుగా చెక్కిన, ఒకదానిలో ఒకటి తిరిగే బంతి ఫోటోనే పెడతారు. అది దక్షిణ చైనా ఓడరేవు కాంటన్ దుకాణాల్లో విదేశీ ఓడలవాళ్ల కోసం చేసిన సరుకు. పొరలు లెక్కపెట్టడం తప్ప అందులో చదవడానికి ఏముంది? బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలోని 1741 నాటి పన్నెండు దంతపు పలకల ఆల్బమ్ చూడండి. నెలకో పలక. మొదటి నెల చలిరాత్రి అంతఃపుర స్త్రీలు ప్లమ్ పూలు వెతుకుతారు, ఏడో నెల చేతిపనిలో నేర్పు ఇమ్మని మొక్కుతారు, ఎనిమిదో నెల చంద్రుణ్ణి చూస్తారు. ఆస్థానపు పనంటే అదీ.

మైనంముద్ద: సరుకని తేల్చేసే ముందు అదెలా చేస్తారో చూడండి. దంతం మొదలు బోలుగా ఉంటుంది కనుక గట్టి భాగమే పనికొస్తుంది. లేత్ మీద గుండ్రంగా తీసి, కేంద్రం వైపు సన్నబడేలా సాధారణంగా 14 రంధ్రాలు తొలుస్తారు. వాటి గోడల మీద పొరల గుర్తులు పెట్టి, మొన వంచిన ఉలి దించి, అన్నిటికన్నా లోపలి పొరను ముందు విడదీస్తారు. పైది ముందే వదులైతే బిగించడానికి పట్టు ఉండదు. ఒక రంధ్రం నుంచి వెళ్లిన కోత పక్క రంధ్రం కోతతో కలవాలి. లోతు ఒక్కచోట తప్పినా పొర విడదు, లేదా పక్క పొరకి చిల్లు పడుతుంది.

చిల్లరదేవుడు: రెండు చిప్పలు చేసి అతికిస్తారండీ.

మైనంముద్ద: ఒకే ముక్క అయితే రెండు కొనల దగ్గర గళ్లు గళ్లుగా అల్లుకున్న గీతలు, నడుం దగ్గర పొడుగు చారలు కనిపిస్తాయి. అతుకు ఉంటే ఆ చారలు అక్కడ తెగుతాయి. భూతద్దం చాలు.

చిల్లరదేవుడు: అయినా జిగురే.

గోరింటాకు: అసలు దంతమో కాదో తేల్చడానికి కాల్చిన సూదితో గుచ్చి చూడమని మాత్రం ఎవరూ చెప్పకండి, మచ్చ పోదు. అమ్మకాల పోస్టులూ వద్దు. మన దేశంలో 1986లో ఇక్కడి ఏనుగు దంతం, 1991లో ఆఫ్రికా దంతం వ్యాపారం కూడా చట్టరీత్యా ఆగిపోయాయి.

కొయ్యఉలి: అర్థం అడిగితే పనిముట్లు వల్లిస్తారు, ప్రతి చర్చలోనూ మీకిదే వరస. దంతాన్ని ఈనెలుగా చీల్చి చాపలు నేస్తుంటే, దుబారా అని యోంగ్‌జెంగ్ చక్రవర్తి 1734లో ఆపించాడు. ఆస్థానానికి గారడీ పని పట్టదు.

మైనంముద్ద: పట్టకపోతే ఆ చాపలు ఇప్పటికీ ప్యాలెస్ సేకరణలో ఎందుకున్నాయి? బంతి ప్రస్తావన 1388 నాటి గ్రంథంలోనే ఉంది, అంతకు ముందటి సోంగ్ వంశపు అంతఃపురంలో చేశారని అప్పటికే చెప్పుకునేవారు. అప్పుడు మీ ఓడలవాళ్లెక్కడ? మీ ఆల్బమ్ చెక్కిన ఐదుగురిలో చెన్ జుజాంగ్ 1729లో కాంటన్ నుంచి ఆస్థానానికి వచ్చినవాడే.

కొయ్యఉలి: చేతులు కాంటన్‌వే, కాదన్నదెవరు? బొమ్మలు మాత్రం ఆస్థాన చిత్రకారుడు చెన్ మెయ్‌వి. చక్రవర్తి కార్ఖానాలో నమూనాకి ఆమోదం వచ్చాకే ఉలి పట్టాలి. బంతి వెనక అలాంటి ఆలోచన లేదు.

మైనంముద్ద: ఇప్పుడు బయటపడింది. మీ గొడవ బంతితో కాదు. గీసినవాడు కళాకారుడు, చెక్కినవాడు కూలీ. అంతేగా? కాగితం మీది చదును బొమ్మని ఎత్తుపల్లాలుగా తేల్చి, రంగులద్దిన దంతం, రాళ్లు పొదిగినవాడికి ఆలోచన లేదా? ఆల్బమ్‌లో చెక్కినవాళ్ల ఐదుగురి పేర్లూ ఉన్నాయి చూసుకోండి.

కొయ్యఉలి: కూలీ అనలేదు, నా నోట్లో మాటలు పెట్టకండి. ఏం చెక్కాలో నిర్ణయించినవాడికి మొదటి వాటా అన్నాను. ఆ ఐదుగురూ అల్ప సేవకులమనే రాసుకున్నారు. కాంటన్ బంతుల మీద సాధారణంగా ఆ మాత్రం పేరు కూడా ఉండదు. ఎవరు చేశారో తెలియని వాటికి చెన్ జుజాంగ్ పరువు అరువివ్వకండి.