అప్‌డేట్: ట్రౌట్ గురించి అడిగాను, గాలం మాత్రం మా ఊరి చెరువులోనే వేశాను

వరంగల్ చుట్టుపక్కల చెరువుల్లో ట్రౌట్ అనే చేప దొరుకుతుందా, కొత్తగా గాలం పట్టేవారు ఏ సామానుతో మొదలుపెట్టాలి అని ఇంతకుముందు అడిగాను. ట్రౌట్‌కు దాదాపు 20 డిగ్రీలు దాటని, ఆక్సిజన్ దండిగా ఉన్న చల్లని నీళ్లు కావాలనీ, అందుకే మన దేశంలో అది కాశ్మీర్, హిమాచల్, నీలగిరుల వంటి చోట్లనే బతుకుతుందనీ మీలో కొందరు వివరించారు. ఎండాకాలంలో మన చెరువు నీళ్లు ఎలా కాగుతాయో తెలిసినవారికి అంతకంటే చెప్పనక్కరలేదు. కనుక రవ్వ (రోహు), బొచ్చె (కట్లా) చేపలతో మొదలుపెట్టాను.

ముందుగా చెరువుపై హక్కున్న మత్స్య సహకార సంఘం పెద్దమనిషిని కలిసి అనుమతి తీసుకున్నాను. పాకాల చెరువును సూచించినవారికి ఒక మాట: అది అభయారణ్యంలో ఉంది, అటవీశాఖను అడగకుండా అక్కడ గాలం వేయడం తగదు. తవుడు, పల్లి చెక్క కలిపిన ముద్దను వేళ్లకు అంటకుండా, నీటిలో వెంటనే విడిపోకుండా ఎంత గట్టిగా పిసకాలో ఆ పెద్దమనిషే చూపించారు. బొచ్చె పైనీటిలో మేస్తుంది, రవ్వ నడిమి నీటిలో తిరుగుతుంది కనుక బెండుకూ (నీటిపై తేలే ముక్కకూ) గాలానికీ మధ్య దారం పొడవును సరిచేసుకోవడమే ఇందులో అసలు పని. బెండు వణికినప్పుడే లాగితే ముద్ద పోతుంది తప్ప చేప రాదు. అది పక్కకు జరిగి మునిగినప్పుడు కర్ర లేపితే రవ్వ పడింది. ఖరీదైన రీలు అవసరం రాలేదు, వెదురు కర్ర, నైలాన్ దారం సరిపోయాయి.

ఇక కొర్రమీను ప్రయత్నించాలని ఉంది. అది గాలి పీల్చడానికి పైకి తేలే తుంగ అంచున ఎరగా ఎర్ర (వానపాము) మేలా, చిన్న చేపపిల్ల మేలా అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరు.